చౌడు మిద్దె మీద గడ్డి ఎందుకు పీకేవారు?

కర్నూలు జిల్లా హాలహర్వి, ఆలూరు, ఆదోని పల్లెల్లో పాత మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, మందంగా మన్ను వేసి, అన్నిటికీ పైన చౌడు కప్పేవారు. వానలకు ముందు కొత్త చౌడు తెచ్చి చల్లేవారు. ఆ మన్ను మందం వల్లే మధ్యాహ్నం వేడి ఇంట్లోకి తొందరగా దిగదు.

చౌడే ఎందుకు? అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందుల్ని పూడ్చేస్తాయి. నీళ్లు లోపలికి ఇంకక పక్కకు జారిపోతాయి. పైగా అందులో మొక్క బతకడం కష్టం. పైరు పండని నేల ఇంటికప్పుకు అలా పనికొచ్చింది. అయినా వానల తర్వాత గడ్డి మొలిస్తే పీకేసేవారు. వేరు దిగిన చోట మిద్దె కురుస్తుంది మరి.

ఇప్పుడు పట్నాల్లో వేస్తున్న పచ్చని పైకప్పు దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ మొక్క బతకాలి, నీరు మట్టిలో నిలవాలి, స్లాబు మాత్రం తడవకూడదు. అందుకే ముందు నీరు దిగని పూత, దానిపైన వేళ్లను ఆపే షీటు, మిగులు నీరు పోయే పొర, వడపోత గుడ్డ, చివరకు తేలికపాటి మట్టి మిశ్రమం వేస్తారు. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ పైకప్పు మీద ఇలాంటి తోటే ఉంది. రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట దారి వేరు: కప్పంతా మట్టి పరచరు, మడుల్లో, కుండీల్లో కూరగాయలు పెంచుతారు.

చల్లదనం ఎక్కడిది? కొంత నీడ, కొంత మట్టి మందం, మిగతాది ఆవిరి. లీటరు నీరు ఆవిరయ్యేందుకు యూనిట్ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులకు సమానమైన వేడిని లాక్కుంటుంది. హాలహర్విలో చిక్కంతా ఇక్కడే. వేదవతి నది పక్కనే ఉన్నా మే నెలలో తాగునీటికే కటకట. చల్లదనం కావలసిందీ ఆ నెలలోనే. తడి లేని పచ్చిక ఎండిపోతుంది, ఆవిరి లాభం పోతుంది.

ఇక బరువు. తడిసిన మామూలు మట్టి 10 సెంటీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 160 నుంచి 200 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకునే అదనపు భారం 150 కిలోలే. పాత చౌడు మిద్దెల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటి మీద మొక్కలు వద్దు.

నా మాట అడిగితే, ఈ ప్రాంతంలో స్లాబు మొత్తం పచ్చిక పరచడం దండగ. డాబాకు సున్నం కొట్టి, గోడలు, దూలాలు ఉన్న వరుసల మీదే కుండీలు పెట్టి, కలబంద, గంగపాయల కూర లాంటి నీరు తక్కువ అడిగేవి నాటండి. అంతకంటే పెద్ద తోట కావాలంటే, మట్టి ఎత్తేముందు స్లాబు మీద రెండు రోజులు నీళ్లు కట్టి ఎక్కడైనా కురుస్తోందేమో చూడండి, బరువు సంగతి ఇంజనీరును అడగండి.