మీకు తెలుసా? గల్ఫ్‌లో ఐదు వేళ్లు కలిపితే ‘ఆగు’ అని

2016 దాకా కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న హుస్నాబాద్ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పనికి పోయినవాళ్లు ఎందరో. అరబ్బీకన్నా ముందే వాళ్లకు సైగలతో పని పడుతుంది. మన దగ్గర ఐదు వేళ్లు కలిపి నోటివైపు తెస్తే ‘తిన్నవా?’ అని. అక్కడ అవే వేళ్ల కొసలు పైకి పెట్టి చేయి మెల్లగా ఆడిస్తే ‘కాస్త ఆగు’ అని. కుడిచేయి గుండెమీద పెడితే కృతజ్ఞత. ఇంకో కప్పు గావా (అరబ్బీ కాఫీ) వద్దని మర్యాదగా చెప్పడానికీ అదే సైగ. ఎమిరేట్స్, ఖతార్‌లలో మగవాళ్లు ముక్కుకు ముక్కు తాకించి పలకరించుకుంటారు. అరికాలు ఎదుటివారివైపు చాపి కూర్చోవడం అవమానం కిందికి వస్తుంది.

అన్నిటికన్నా చిక్కు మన తల ఊపుడుతోనే. ‘సరే’ అంటూ తలను అటూ ఇటూ ఆడిస్తే కొత్త యజమానికి అది ‘కాదు’లా కనిపించొచ్చు. వీసా, టికెట్‌తోపాటు ఈ సంగతులూ చెప్పి పంపడం ఏజెంట్ల బాధ్యతే. ఎమిరేట్స్, ఖతార్‌లలో మగవాళ్లు ముక్కుకు ముక్కు తాకించి పలకరించుకుంటారు.