టికెట్టు సొమ్ము ఎవరి హక్కు?

మెహదీపట్నంలో చిల్కూరు బస్సెక్కిన ఒకడు టికెట్టు కొనకుండానే దిగిపోయాడనుకోండి. నష్టపోయినదెవరు? 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో ఆరంభించిన ఈ రవాణా నేడు 1950 నాటి చట్టం క్రింద నడిచే ఒక సంస్థ. దానికి ప్రాణం లేదు, ఆకలి లేదు. “సర్కారు సొమ్ములో నాకూ వాటా ఉంది” అంటాడతడు.

ఈ సాకు హనఫీ ధర్మవేత్తలకు కొత్తది కాదు. బైతుల్‌మాల్ నుండి దొంగిలించినవానికి, అందులో అతనికీ వాటా ఉండవచ్చునన్న సందేహం వల్ల, వారు హద్ శిక్ష విధించలేదు. అయినా ఆ సొమ్ము హలాల్ కాలేదు, తిరిగి చెల్లించవలసినదే. వక్ఫ్‌కు పడిన బాకీ కూడా అంతే. (మసీదు దుకాణాల అద్దె ఎగవేసేవారు గమనింతురు గాక!)

2023 డిసెంబరు నుండి స్త్రీల ఛార్జీని ప్రభుత్వం తనపై వేసుకొన్నది కనుక వారిపై ఋణం లేదు. పురుషునిపై ఉన్నది. అయితే సంస్థకు చెల్లవలసినది ఒప్పుకొన్న పైకమే. దాని తప్పులపై మౌనం వహించడం ఆ ఋణంలో చేరదు.