మాల్దీవ్స్ సముద్రం వేరు, మైపాడు సముద్రం వేరు

ఈరోజు ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి చెప్తాను. మాల్దీవ్స్‌లో నాలుగు రోజులు సముద్రంలో హాయిగా ఆడుకుని వచ్చిన నేను, నెల తిరక్కముందే మన నెల్లూరు పక్కన మైపాడు బీచ్‌లో మునిగిపోబోయాను. తాగలేదు, లోపలికి దూరంగా ఈదుకుంటూ పోలేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను, అంతే.

అసలు ఎందుకలా జరిగింది? అక్కడ ఏమీ కాలేదు, ఇక్కడెందుకు అయింది? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు తెలిసిన విషయాలు మీకూ చెప్తాను. చివరిదాకా ఉండండి. ఇది మీకో మీ తమ్ముడికో ఒకరోజు పనికొస్తుంది.

ముందు కథ

పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడా మాల్దీవ్స్ వెళ్ళాం. డబ్బులు సగం దాచుకున్నవి, సగం ఈఎంఐ. నీళ్ళ మీద కట్టిన గది, తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే సముద్రం. ఛాతీ లోతుకి పోయినా కాళ్ళ కింద ఇసుక స్పష్టంగా కనిపిస్తుంది. అల అంటే చెరువులో గాలికి లేచేంత. నాకు ఈత అంతంతమాత్రం. అయినా నాలుగో రోజుకి ధైర్యం వచ్చేసింది. "సముద్రమంటే భయం పోయింది" అని రీల్ కూడా పెట్టాను.

తిరిగొచ్చాక ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో మైపాడు వెళ్ళాం. అందరూ అలలు విరుగుతున్న చోట ఎగురుతూ అరుస్తూ ఉన్నారు. కొంచెం పక్కన ఒక చోట అలలే లేవు. నీళ్ళు నున్నగా, నిమ్మళంగా ఉన్నాయి. అచ్చం మాల్దీవ్స్‌లాగా ఉందే అనుకుని అక్కడ దిగాను.

రెండు నిమిషాలు పట్టిందేమో. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. నేను ఒడ్డు వైపే ఈదుతున్నా, ఒడ్డేమో దూరం పోతా ఉంది. అరిచాను. ఒడ్డున ఫ్రెండ్స్ చేతులూపుతున్నాను అనుకుని వాళ్ళూ చేతులూపారు. పట్టపుపాళెం నుంచి వచ్చి వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూడబట్టి సరిపోయింది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకి తాడు కట్టుకుని, నా వైపు నేరుగా రాకుండా పక్కనుంచి వచ్చాడు. డబ్బా పట్టుకోమన్నాడు. ఒడ్డుకి నేరుగా కాకుండా ఏటవాలుగా తీసుకొచ్చాడు.

ఇసుకలో పడి దగ్గుతుంటే ఆయన అన్న మాట ఇది: "ఏందబ్బయా, అల లేదని దిగినావా? అల లేని చోటే దిగబాక."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. సైన్సు చదివాక అర్థమైంది.

మాల్దీవ్స్ నీళ్ళు ఎందుకంత నిమ్మళం?

మాల్దీవ్స్‌లో 1,192 దీవులున్నాయి. అవన్నీ పగడాలు కట్టినవే. కోట్ల ఏళ్ళ కింద అక్కడ అగ్నిపర్వతాలు ఉండేవి. వాటి చుట్టూ పగడాలు పెరిగాయి. పర్వతం మెల్లగా కుంగిపోతూ ఉంటే పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూ పోయాయి. చివరికి పర్వతం మునిగిపోయి పగడాల ఉంగరం మిగిలింది. దాన్నే అటోల్ అంటారు. ఇంగ్లీషులోకి ఈ మాట మాల్దీవ్స్ వాళ్ళ దివేహి భాష నుంచే వెళ్ళింది. ఇలా జరిగి ఉంటుందని 1842లో డార్విన్ ఒక పుస్తకమే రాశాడు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ ఉంగరం ఒక గోడ. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే పెద్ద అలలు ఆ గోడకి తగిలి బయటే విరిగిపోతాయి. పగడాల దిబ్బలు అల బలంలో సగటున 97 శాతం తగ్గించేస్తాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. రిసార్టు వాళ్ళు మనల్ని దింపేది ఎక్కువగా ఆ గోడకి లోపలి వైపే. అంటే నేను నాలుగు రోజులు ఆడుకున్నది కాపలా ఉన్న సముద్రంలో. గోడ దాటితే అక్కడా బలమైన ప్రవాహాలుంటాయి. కానీ అది రీల్స్‌లో కనపడదు.

ఇక ఆ నీలం రంగు. మాల్దీవ్స్‌లో నదులు లేవు. నది లేకపోతే మట్టి రాదు, నీళ్ళు తేటగా ఉంటాయి. కింద తెల్ల ఇసుక. ఆ ఇసుకలో పగడాల పొడి ఎక్కువ. పగడాన్ని కొరికి తినే చిలకచేపలు విసర్జించింది కూడా అందులో బోలెడు ఉంటుంది. అవును, హనీమూన్ ఫొటోల్లో మనం పడుకునే ఆ తెల్ల ఇసుకలో కొంత చేప పెంటే.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక చిన్న హెచ్చరిక. గది రేటు చూసి లెక్క వేసుకోవద్దు. 10 శాతం సర్వీస్ ఛార్జి, 2025 జులై నుంచి 17 శాతం టూరిజం పన్ను, రిసార్టుల్లో మనిషికి రోజుకి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఎయిర్‌పోర్టు నుంచి దీవికి స్పీడ్ బోటో సీప్లేనో దాని డబ్బు వేరే. మా బిల్లు మేము అనుకున్నదానికంటే ఎంత పెరిగిందో మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

మన తీరం ఎందుకు ఇలా ఉంటుంది?

మైపాడు నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరం, ఇందుకూరుపేట మండలం. టూరిజం వాళ్ళ రిసార్టు కూడా ఉంది. సర్వి తోటలు, పొద్దున్నే వచ్చే పడవలు, తాజా చేపలు. నాకు చాలా ఇష్టమైన చోటు. కానీ అక్కడ పగడాల గోడ లేదు. బంగాళాఖాతంలో ఎక్కడో లేచిన అల నేరుగా వచ్చి మన కాళ్ళ దగ్గరే విరుగుతుంది.

మైపాడుకి కాస్త ఉత్తరాన పెన్న సముద్రంలో కలుస్తుంది. పెన్న తెచ్చే ఇసుక, ఒండ్రు ఈ తీరమంతా పరుచుకుంటాయి. అందుకే మన నీళ్ళు గోధుమ రంగు. అది మురికి కాదు, నది తెచ్చిన మట్టి. కానీ దానివల్ల కాళ్ళ కింద ఎంత లోతుందో కనపడదు. పైగా ఆ ఇసుక ఒకచోట ఉండదు. అలలు దాన్ని ఏడాది పొడవునా అటూ ఇటూ జరుపుతూనే ఉంటాయి. పోయిన నెల మోకాలి లోతు ఉన్న చోట ఈ నెల గుంట ఉండొచ్చు.

అంటే మనకి నిమ్మళమైన నీళ్ళు లేవా? ఉన్నాయి. శ్రీహరికోట తెలుసు కదా. అది దీవే. 2022లో సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్ళిందిగానీ, అంతకుముందు నెల్లూరు జిల్లానే. ఆ దీవి పొడుగాటి ఇసుక కట్టలాగా సముద్రానికీ పులికాట్ సరస్సుకీ మధ్యలో ఉంటుంది. ఒక వైపు పులికాట్, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ, అల ఉండదు, ఫ్లెమింగోలు నడుచుకుంటూ తిరుగుతాయి. రెండో వైపు బంగాళాఖాతం, అలల హోరు. ఒకే దీవి, రెండు వైపులా రెండు రకాల నీళ్ళు. మధ్యలో గోడ ఉండటమే తేడా.

మరి అక్కడ రిసార్టు ఎందుకు లేదంటారా? 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. తూర్పుగా వదిలితే భూమి తిరిగే వేగం కలిసొస్తుంది, కింద అంతా సముద్రమే కాబట్టి ఊళ్ళ మీద పడే భయం లేదు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని మోసుకెళ్ళింది అక్కడి నుంచే. అంతకుముందు ఆ దీవిలో యానాదులు ఉండేవాళ్ళు. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

అల లేని చోట ఏముంది?

ఇప్పుడు పెద్దాయన మాటకి వద్దాం. అలలు వరసగా వచ్చి నీళ్ళని ఒడ్డు మీదకి తోస్తాయి. ఆ నీళ్ళు తిరిగి వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం ఉంటే అక్కడి నుంచి ఒక కాలవలాగా వేగంగా లోపలికి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ చోట లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. అల విరగదు కాబట్టి పైకి నున్నగా కనపడుతుంది. అందుకే మాల్దీవ్స్ చూసొచ్చిన నా కంటికి అది అన్నిటికంటే సేఫ్ చోటులాగా కనపడింది. నిజానికి ఆ బీచ్‌లో అన్నిటికంటే ప్రమాదమైన చోటు అదే.

దీని వేగం ఒక్కోసారి సెకనుకి రెండు మీటర్లు దాటుతుంది. ఎదురీదాలంటే ఒలింపిక్ ఈతగాళ్ళకే కష్టం. కానీ ఒక మంచి విషయం ఉంది. ఇది మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే మోసుకుపోతుంది. అలలు విరిగే గీత దాటాక దాని బలం తగ్గిపోతుంది. చాలామంది చనిపోయేది భయపడి, ఎదురీది, అలిసిపోయి.

ఎలా గుర్తుపట్టాలి? దిగేముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక సందు ఖాళీగా ఉందా? అక్కడ నీళ్ళ రంగు వేరుగా ఉందా? నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా లోపలికి పోతున్నాయా? ఏ ఒక్కటి ఉన్నా అటు పోవద్దు.

పట్టుకుంటే ఏం చేయాలి? ఒడ్డు వైపు ఈదకండి. వెల్లకిలా తేలండి, ఊపిరి కుదురుకోనివ్వండి, ఒక చెయ్యి పైకెత్తి అరవండి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదండి. ఆ కాలవ వెడల్పు సాధారణంగా కొన్ని పదుల మీటర్లే. దాటాక అలలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకి రండి. పెద్దాయన నన్ను తెచ్చిన దారి ఇదే.

పక్కవాడు కొట్టుకుపోతుంటే? ఇది అన్నిటికంటే ముఖ్యం. వెంటనే దూకకండి. ఒకరిని కాపాడబోయి ముగ్గురు పోయారన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. ఖాళీ వాటర్ క్యాన్, తాడు, చున్నీలు కలిపి కట్టింది, ఏది దొరికితే అది విసరండి. ఒకరు ఆ మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా ఉండాలి. ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. దగ్గర్లో ఉన్న మత్స్యకారుల్ని పిలవండి.

ఎప్పుడు అసలు దిగకూడదు?

మనవాళ్ళు మైపాడుకి ఎక్కువగా పోయేది కార్తీక పౌర్ణమి స్నానాలకి. అది నవంబరు. నెల్లూరు తీరానికి తుఫాన్లు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. తుఫాను ఎక్కడో దూరంగా ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తూ ఉన్నా, దాని అలలు మాత్రం మన ఒడ్డుకి వస్తాయి. కాబట్టి ఆకాశం చూసి నిర్ణయించుకోవద్దు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. అలలు ఎంత ఎత్తున వస్తాయో అది ముందే చెప్తుంది. చేతిలో ఫోన్ ఉంది కదా, బయల్దేరేముందు రిసార్టు రివ్యూలు చూసినట్టే దాన్ని కూడా చూడండి. స్నానమంటే ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకున్నా స్నానమే.

మాల్దీవ్స్ వెళ్ళొద్దని నేను చెప్పను. బాగుంటుంది, వెళ్ళండి. మైపాడు కూడా వెళ్ళండి. నేను మొన్న కూడా వెళ్ళాను. ఆ పెద్దాయన కోసం ఒక స్వీట్ బాక్స్ పట్టుకుపోయాను. ఆయనకి నేను గుర్తు కూడా లేను. "ఏ అబ్బయ్యవి నువ్వు? ఏడాదికి ఇద్దరు ముగ్గురిని లాగతానే ఉంటా" అన్నాడు.

ఆ రీల్ డిలీట్ చేసేశాను. దాని బదులు ఈ వీడియో పెడుతున్నాను. ఈ ఆదివారం బీచ్‌కి పోదామని మీ గ్రూపులో ఎవరైనా మెసేజ్ పెడితే, దాని కింద ఇది పెట్టండి. ఉంటాను మరి.