గ్లూకోజ్ బాటిల్‌లో బలమెంత? పిల్లల విరేచనాలు: అపోహలు – వాస్తవాలు

తొలకరి పడగానే హైదరాబాద్‌లోని చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీల్లోని క్లినిక్కుల ముందు చెప్పుల వరుస పెరుగుతుంది. పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చే తల్లులు వేళ్లు మడిచి లెక్క చెబుతారు. “రాత్రి నుంచి తొమ్మిది మోషన్స్ అయినయ్ సిస్టర్. ఓఆర్‌ఎస్ పోస్తనే ఉన్న, తగ్గుతలేవు. ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించున్రి, బలమొస్తది.”

ఆ తల్లికి ఓఆర్‌ఎస్ పేరు తెలుసు. అది చేసే పనేమిటో ఎవరూ చెప్పలేదు. అందుకే పని చేస్తున్న మందును పక్కనపెట్టి, అవసరం లేని సూది కోసం బిడ్డను ఏడిపించడానికి సిద్ధపడుతోంది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలో విరేచనాల పాలైన ఐదేళ్లలోపు పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 60.6 శాతానికి. దాంతోపాటు ఇవ్వాల్సిన జింక్ అందింది 30.5 శాతానికే. ఊరూరా దొరికే, బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇచ్చే మందుల పరిస్థితి ఇది. చవకగా దొరికేదంటే మనకు చిన్నచూపు. ఆ చిన్నచూపు వెనక ఉన్న అపోహలు ఒక్కొక్కటే చూద్దాం.

అపోహ: ఓఆర్‌ఎస్ తాగించినా మోషన్స్ ఆగలేదంటే అది పనిచేయనట్టే.

వాస్తవం: విరేచనాలను ఆపడం ఓఆర్‌ఎస్ పని కానే కాదు. ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి నింపడమే దాని పని. కుండకు చిల్లు పడిందనుకోండి. అది పూడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. అందాకా కుండ అడుగంటకుండా పోస్తూనే ఉండాలి. పిల్లల్లో వచ్చే విరేచనాలు చాలావరకు వారంలోపు వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా బిడ్డ ప్రాణం తీసేది ఒళ్లు ఎండిపోవడమే.

దీని కిటుకు పేగు గోడలో ఉంది. జబ్బు పడిన పేగు ఉప్పును ఒంటరిగా లోపలికి రానివ్వదు. చక్కెర తోడుంటే రానిస్తుంది. ఉప్పు, చక్కెర జతగా లోపలికి వెళ్తే వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలు ఎంత ముమ్మరంగా ఉన్నా ఈ దారి మూసుకుపోదు. అందుకే 1978లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఈ ఆవిష్కరణను ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య విజయాల వరుసలో నిలిపింది.

అపోహ: నీళ్లు, పాలు పడితే మోషన్స్ ఇంకా ఎక్కువవుతాయి. కడుపు ఎండగట్టాలి.

వాస్తవం: తాగిన వెంటనే బిడ్డ మళ్లీ విరేచనం చేసుకుంటే, తాగించినందుకే అయిందని అనిపించడం సహజం. కడుపులోకి ఏదైనా వెళ్లగానే పేగు కదులుతుంది. అలా బయటికొచ్చేది అంతకుముందే పేగులో ఉన్నది. తాగించిన దాంట్లో చాలా భాగం ఒంటికి పడుతుంది.

తల్లిపాలు ఒక్క పూట కూడా మానకూడదు. మామూలు కన్నా ఎక్కువసార్లు ఇవ్వాలి. తల్లి మామిడిపండు తిన్నందువల్ల ‘పాలకు వేడి చేసి’ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయన్నది వట్టి మాట. ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. గంజి, మజ్జిగ, పల్చటి పప్పుకట్టు మంచివే. పస్తు పెట్టిన బిడ్డ జబ్బు నుంచి లేచేసరికి బరువు తగ్గిపోతాడు. బరువు తగ్గినవాడికి మళ్లీ విరేచనాలు వస్తే ముప్పు రెట్టింపు.

అపోహ: గ్లూకోజ్ ఎక్కిస్తే బలమొస్తుంది, జబ్బు త్వరగా తగ్గుతుంది.

వాస్తవం: బాటిల్‌లో ఏముందో లెక్క వేద్దాం. అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. దాంతో వచ్చే శక్తి 100 కేలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తింటే అంత శక్తి వస్తుంది, పైగా కాస్త మాంసకృత్తులూ దక్కుతాయి. అర లీటరు నార్మల్ సెలైన్ బాటిల్‌లోనైతే నాలుగున్నర గ్రాముల ఉప్పు తప్ప ఏమీ లేదు. దాని శక్తి సున్నా. పైగా విరేచనాలతో ఉప్పు పోగొట్టుకున్న బిడ్డకు వట్టి గ్లూకోజ్ నీళ్లు ఎక్కిస్తే ఆ లోటు తీరదు. నిజంగా ఎక్కించాల్సి వచ్చినప్పుడు డాక్టర్లు వాడేది రింగర్ లాక్టేట్ వంటి లవణాల ద్రవాన్నే.

మరి ‘సెలైన్ ఎక్కగానే లేచి కూర్చున్నాడు’ అంటారే? ఎండిన ఒంటికి నీళ్లు అందాయి, అందుకే లేచాడు. తాగగలిగే బిడ్డకు అవే నీళ్లు నోటి ద్వారా ఇవ్వొచ్చు. నరం దొరక్క నాలుగు పోట్లు, చెయ్యి వాపు, సూది దగ్గర చీము, ద్రవం ఎక్కువైతే ఆయాసం అన్న బెడద ఉండదు. స్పృహ తప్పుతున్న బిడ్డకు, ఏదీ మింగలేని బిడ్డకు మాత్రం సెలైన్ ప్రాణదాత. అక్కడ వెనకాడకూడదు.

నోటితో పట్టించే నీళ్లు సెలైన్ పని చేయగలవన్న సంగతిని 1971లోనే తేల్చి చూపించిన వైద్యుడు దిలీప్ మహలనబిస్. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతున్నారు. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. ఆయన ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, కప్పులతో తాగించే పనిని రోగుల పక్కనున్న అమ్మలకు, అక్కలకు అప్పగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి. 2022లో ఆయన కన్నుమూశాక, 2023లో దేశం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ శిబిరంలో నర్సింగ్ చదవని తల్లులే నర్సులయ్యారు.

ఇక్కడ సిస్టర్లూ ఒక మాట ఒప్పుకోవాలి. బాటిల్ తగిలించి వెళ్లిపోవడం తేలిక. తల్లి పక్కన పదిహేను నిమిషాలు కూర్చుని చెంచాతో పట్టించి చూపడం కష్టం. వార్డు నిండా జనం, ఇద్దరే సిస్టర్లు ఉన్నచోట తేలికైనదే గెలుస్తుంది. ‘ఇంత దూరమొస్తే ఉప్పునీళ్లు ఇచ్చి పంపుతరా’ అని కుటుంబం గొడవ పెట్టుకుంటే ఇంకా త్వరగా గెలుస్తుంది.

అపోహ: వాంతులవుతున్న బిడ్డకు నోటితో ఏదీ ఇవ్వకూడదు.

వాస్తవం: గ్లాసు ఎత్తి గడగడా తాగిస్తే వాంతి అవుతుంది. వాంతయ్యాక పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలు నిలుపుకుంటారు. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవాళ్లకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. పాల సీసాలో పోసి ఇవ్వొద్దు. గిన్నె, చెంచా చాలు.

అపోహ: అట్టపెట్టె మీద ఓఆర్‌ఎస్ అని రాసి ఉంటే అది ఓఆర్‌ఎస్సే.

వాస్తవం: ఈ అపోహను వదిలించడానికి మన హైదరాబాద్ నుంచే ఒక పోరాటం నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. మందుల షాపుల్లో పళ్ల రుచితో అమ్మిన డబ్బా పానీయాల్లో చక్కెర ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. చక్కెర మితిమీరితే పేగు నీళ్లను పీల్చుకునే బదులు ఒంట్లోని నీళ్లను తనలోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి. మందని కొన్నది జబ్బును ముదరబెడుతుంది.

పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద గొంతెత్తారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో డబ్బా మీద హెచ్చరిక వేస్తే వాడుకోవచ్చని మెత్తబడింది. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ వెసులుబాటును రద్దు చేసి, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. కొనేముందు చూడాల్సింది ముందువైపు బొమ్మను కాదు, వెనకవైపు కొలతలను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే విద్యార్థులకూ ఇదే మాట. మోషన్స్ అయినప్పుడు కూల్‌డ్రింక్, ఎనర్జీ డ్రింక్ తాగడం కుండకు ఇంకో చిల్లు పెట్టడమే.

అపోహ: ప్యాకెట్ అంతా ఎందుకు? గ్లాసుకో చెంచా పొడి వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఓఆర్‌ఎస్‌లో మందు ఎంతో కొలతా అంతే. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, అందుకే కవర్ మీద చదివి కలపాలి. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ఎక్కువైతే ఫలితం ఉండదు. పాలల్లో, జ్యూస్‌లో కలపకూడదు, పైన చక్కెర వేయకూడదు. కలిపినది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయాలి. అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతో, అంచుకు సమంగా కొలవాలి.

అపోహ: పళ్లు వస్తున్నాయి, దిష్టి తగిలింది, మాడు దిగింది. దానికి మందెందుకు?

వాస్తవం: పళ్లు వచ్చే ఈడులో పిల్లలు పాకుతారు, చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. విరేచనాలకు కారణం ఆ మురికి, పంటి మొన కాదు. దిష్టి తీస్తే తీయండి, దాని వల్ల నష్టం లేదు. దిష్టి తీశాం కదా అని ఓఆర్‌ఎస్ మానడమే నష్టం. ఇక మాడు లోపలికి దిగడం మన పెద్దవాళ్లు సరిగ్గానే గుర్తుపట్టిన లక్షణం. కారణం దగ్గరే పొరబడ్డారు. ఎత్తుకునేటప్పుడు జారినందువల్ల దిగదు, ఒంట్లో నీళ్లు తగ్గినందువల్ల దిగుతుంది. నూనె అద్ది కూర్చుంటే పైకి రాదు. అది ఆసుపత్రికి బయలుదేరాల్సిన గుర్తు.

అపోహ: మోషన్ మాత్ర వేస్తే ఒక్క పూటలో కట్టేస్తుంది.

వాస్తవం: పిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లే. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. తొలి టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధనశాలలోనే. అంతటి మందులను అయినదానికీ కానిదానికీ మింగి మొద్దుబార్చుకుంటున్నాం. మలంలో రక్తం పడుతున్నప్పుడు, కలరా అనుమానం ఉన్నప్పుడు వాడాలో వద్దో డాక్టరు చెప్పాలి. షాపులో అడిగి తెచ్చుకునే ‘కట్టు మాత్రలు’ ఐదేళ్లలోపు పిల్లలకు అసలే ఇవ్వకూడదు. పేగు కదలిక ఆగి కడుపు ఉబ్బుతుంది. లోపలి జబ్బు లోపలే ఉండిపోతుంది.

అపోహ: జింక్ వట్టి టానిక్. మోషన్స్ తగ్గితే ఆపేయొచ్చు.

వాస్తవం: జింక్ విరేచనాల రోజులను తగ్గిస్తుంది, ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా కాస్త కాపు కాస్తుంది. రెండో లాభం దక్కాలంటే 14 రోజులూ వేయాల్సిందే. రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైవారికి 20. మాత్రను చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి పట్టొచ్చు.

అపోహ: మేం తాగేవి క్యాన్ నీళ్లు, టీకాలూ వేయించాం. మాకెందుకు వస్తాయి?

వాస్తవం: క్యాన్ మూత తీశాక అందులో ముంచే గ్లాసు, ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి శుభ్రంగా ఉండాలి కదా! 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన కుళాయి నీళ్లు ప్రాణాలు తీశాయి. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగినప్పుడు డ్రైనేజీ నీళ్లు ఇళ్లలోకొచ్చాయి. అలాంటి రోజుల్లో కాచిన నీళ్లే నమ్మకం. రోటావైరస్ టీకా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. భారత్ బయోటెక్ మన నగరంలోనే తయారుచేసిన రోటావాక్ పరీక్షల్లో, తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. అయితే విరేచనాలు తెచ్చే క్రిములు ఇంకెన్నో ఉన్నాయి. వాటికి టీకా సబ్బే. బిడ్డ ముడ్డి కడిగాక, అన్నం కలిపే ముందు చేతులు రుద్దుకోవాలి. సిస్టర్లకైనా అంతే, గ్లవ్స్ వేసుకున్నంత మాత్రాన చేతులు కడిగినట్టు కాదు.

ఎప్పుడు పరుగెత్తాలి?

బిడ్డ మత్తుగా తూగుతున్నా, తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, కళ్లు గుంటలు పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచొద్దు. రెండు నెలలు నిండని పసికందైతే మొదటి రోజే చూపించాలి. బిడ్డ తాగగలిగితే దారి పొడవునా చెంచాతో పడుతూనే వెళ్లాలి.

మళ్లీ ఆ తల్లి వేళ్ల లెక్క దగ్గరికి వద్దాం. ఆమె తొమ్మిది మోషన్స్ లెక్కపెట్టింది, ఆ అంకె చూసి భయపడింది. సిస్టర్ ఇంకో లెక్క అడిగి ఉంటే? “పొద్దుటి నుంచి ఎన్నిసార్లు పాస్ పోసిండమ్మా? నాలుక తడిగుందా? ఏడిస్తే కండ్లల్ల నీళ్లొస్తున్నయా?” మూడుసార్లు పోశాడు, నాలుక తడిగానే ఉంది, నీళ్లూ వస్తున్నాయి అంటే రాత్రంతా ఆమె పట్టిన చెంచాలన్నీ బిడ్డ ఒంట్లోకి చేరినట్టే. ఆ సంగతి ఆమెకు చెప్పి, గిన్నె మళ్లీ ఆమె చేతికే ఇవ్వాలి.