బాలే రంగముపై గోలకొండ

పటాన్‌చెరునుండి మాకొక ఆహ్వానపత్రము వచ్చినది. ఆ ప్రాంతపు పాఠశాల యొకటి తన వార్షికోత్సవమునకు మమ్ము పిలిచినది. పత్రమున ప్రార్థన, నివేదిక, బహుమతి ప్రదానము, వానికి దిగువను “రుక్మిణీ కల్యాణము – బాలే” అని అచ్చువేసిరి. ఆ కడపటి మాటయొద్ద మా చూపు నిలిచిపోయినది. రుక్మిణి మనది, కల్యాణము మనది, ఆడనున్నది కూచిపూడి అడుగులు నేర్చిన బాలికలు. మరి బాలే యెవరిది?

ఈ ప్రశ్న ఆ పాఠశాలకు మాత్రమే చెందినది కాదు. సంగారెడ్డినుండి హైదరాబాదు వఱకు ఏ సభామందిరమునకు పోయినను మన నృత్యనాటకములకు ఈ పేరే వినవచ్చుచున్నది. కావున ఆ మాట పుట్టుపూర్వోత్తరములను పాఠకుల యెదుట నుంచుట మంచిదని తలంచితిమి. అందు మన గోలకొండకును కొంత పాత్ర కలదు. అది మనలో ననేకులెఱుగని విషయము.

బాలే పుట్టినిల్లు ఇటలీ, మెట్టినిల్లు ఫ్రాన్సు. ఆడుట యను నర్థముగల ఇటాలియను ధాతువునుండి ఆ పేరు వచ్చినది. 15వ శతాబ్దమున ఇటలీ ప్రభువుల విందులలో వినోదముగానున్న ఆటను మెడిచీ వంశపు ఆడపడుచు కాథరిన్ ఫ్రెంచి రాణియై అచ్చటికి గొనిపోయి పోషించినది. 1581లో పారిసు రాజభవనమున ఒక వివాహ సందర్భమున ఆడిన ప్రదర్శనము అయిదు గంటలకు పైగా సాగెనట! మన వీధిభాగవతములు తెల్లవార్లు సాగునని నవ్వువారు దీనిని గమనింతురుగాక. 1653లో పదునాలుగేండ్ల పదునాల్గవ లూయీ ఉదయభానుని వేషము ధరించి తానే రంగమున ఆడెను. ‘సూర్యరాజు’ అను బిరుదు అతని కట్లు స్థిరపడినది. ఆ రాజే 1661లో పదుమువ్వురు నాట్యాచార్యులతో రాజకీయ నాట్యపరిషత్తును స్థాపించెను. పాదములను వెలుపలికి త్రిప్పి నిలుచు అయిదు స్థానములను బోషాం అను ఆచార్యుడు ఆ కాలముననే నిర్ణయించెను. రాజుల విలాసము శాస్త్రమైనది ఇచ్చటనే. స్థానమునకు, గంతునకు, చుట్టునకు ఒక్కొక్క పేరు కుదిరెను. ఆ పేరులన్నియు ఫ్రెంచి మాటలు.

అవి గంభీర పదములు కావు. ‘ప్లియే’ యనగా వంగినది. ‘తాన్‌ద్యూ’ చాచినది. ‘జెతే’ విసరినది. ‘పా ద షా’ యనగా పిల్లి యడుగు. ఫ్రెంచి వంటయింటిలోను పొలములోను వాడు మాటలే నాట్యశాలలో శాస్త్రపదములైనవి. వానిని ఏ జాతియు తన భాషలోనికి మార్చలేదు. రష్యావారు 1917లో రాజును తొలగించిరి, నగరముల పేరులు మార్చిరి. 1934లో లెనిన్‌గ్రాడున వగానొవా యను ఆచార్యురాలు తన బోధనాగ్రంథమును ప్రకటించినపుడు మాత్రము ప్లియే ప్లియేగానే యుండెను. నేడు టోక్యోలో నేర్చు బాలికయు ఫ్రెంచి మాట వినియే మోకాలు వంచును. పేరు పెట్టిన జాతికి ఆ విద్యపై ఎంతటి హక్కు నిలిచినదో చూడుడు.

ఇక గోలకొండ మాట. నాట్యపరిషత్తు స్థాపించిన ఆ లూయీయే, 1668–69 ప్రాంతమున తవెర్నియే యను వజ్రవర్తకునినుండి గొప్ప నీలవజ్రమును కొనెను. అది గోలకొండ రాజ్యములోని కొల్లూరు గనిలోనిదని చరిత్రకారులు భావింతురు. తవెర్నియే వజ్రములతో పాటు మన నాట్యవార్తను కూడ మోసికొనిపోయెను. గోలకొండ సుల్తాను మచిలీపట్టణమునకు వచ్చినపుడు తొమ్మండుగురు నర్తకీమణులు ఏనుగు రూపు దాల్చిరనియు, నలుగురు కాళ్ళును, నలుగురు దేహమును, ఒకతె తొండమునై నిలువగా ప్రభువు పైనెక్కి పురప్రవేశము చేసెననియు అతడు వ్రాసెను. అంతటి అంగసాధన చేసిన ఆ స్త్రీలలో ఒక్కతె పేరైనను అతని గ్రంథమున లేదు. వజ్రముల తూకములు మాత్రము జాగ్రత్తగా నున్నవి.

ఆపైని ఐరోపా రంగస్థలమునకు గోలకొండ యనగా వజ్రములు చల్లిన ఒక కలగా మారినది. 1761లో బూఫ్లే వ్రాసిన కథలో ఫ్రెంచి పల్లెపడుచు ఎలీన్ గోలకొండకు రాణియగును! 1766లో మాన్‌సిన్యీ దానిని నృత్యగేయ నాటకముగా పారిసున ఆడించెను. 1828లో ఇటలీలో దోనిజెత్తి మరల సంగీతము కూర్చెను. కుతుబ్‌షాహీల పేరు గాని, తెలుగువాని పేరు గాని వీరెవ్వరికిని అవసరము లేకపోయెను.

వీనియన్నిటిలో పేరుపడినది ‘లా బాయడేర్’. మరియుస్ పెటిపా దీనిని 1877లో సెయింట్ పీటర్సుబర్గున రచించెను, సంగీతము మిన్‌కుస్‌ది. నాయిక నికియా యను దేవదాసి, నాయకుడు సోలోరు. గోలకొండ రాజు తన కుమార్తెను సోలోరునకు ఈయదలచును. పూలబుట్టలో దాచిన పాము కాటునకు నికియా మరణించును. నల్లమందు త్రాగిన సోలోరు కలలో తెల్లని ఛాయలు వరుసగా కొండవాలు దిగివచ్చును. ఒకే భంగిమ, ఒకరి వెంట నొకరు, నిశ్శబ్దముగా. ఈ ఘట్టమును మేము చలనచిత్రమున చూచితిమి. అది మహత్తరమని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. కాని ఆ రాజు పేరు వినుడు: దుగ్మంతుడు! 1858లో పారిసున శాకుంతలమును బాలేగా ఆడియుండిరి. మన దుష్యంతుడే నోళ్ళలో నలిగి, చిక్కి, గోలకొండ సింహాసనమెక్కెనని మాకు తోచుచున్నది. ‘బాయడేర్’ అను మాటయైనను మనది కాదు. అది ఆడునది యను నర్థముగల పోర్చుగీసు పదమునుండి వచ్చినది, బాలేకు జ్ఞాతి. మన దేవదాసికి వారి భాషలోనే పేరు, వారి అడుగులే ఆట.

నిజమైన దేవదాసులను వారు చూడకపోలేదు. 1838లో పుదుచ్చేరి దాపుననున్న తిరువెందిపురమునుండి కొందరు నర్తకీమణులు పారిసునకు పోయి ఆడిరి. గొతియే యను కవి వారిని మెచ్చి వ్రాసెను. పత్రికలు కొన్నినాళ్ళు చెప్పుకొనినవి. కాని మన అడుగొక్కటియు వారి పాఠశాలలోనికి పోలేదు. ఇటీవల ప్రవాస భారతీయులు కొందరు ‘లా బాయడేర్’లోని చిత్రణకు అభ్యంతరము తెలిపిరి. 2024లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున దానిని భారతదేశమునుండి హాలీవుడ్‌నకు మార్చి ఆడిరి. కథను మార్చినను పెటిపా నృత్యమునకు లోటు రాలేదు. గోలకొండ ఆ బాలేకు తెరపై వ్రాసిన బొమ్మ మాత్రమేనని దీనివలన తేలుచున్నది.

వారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారు తమ పేరును కాపాడుకొనిరి. మనమేమి చేసితిమి? పారిసు పరిషత్తునకు నాలుగు వందల యేండ్లకు ముందే, 1253–54లో, కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని రచించెను. ఎనిమిది అధ్యాయములలో నాలుగు మార్గమునకు, నాలుగు దేశికి ఇచ్చెను. భరతుని నూట యెనిమిది కరణములతో తృప్తిపడక, తన కాలపు జనులు ఆడు పేరణిని, ప్రేంఖణమును, చర్చరిని, చిందును కూడ లక్షణీకరించెను. ఫ్రెంచివారికి పిల్లి యడుగున్నచో మనకు ‘భుజంగత్రాసితము’ కలదు, పామును చూచి ఉలికిపడినవాని వలె కాలెత్తుట. వారి ప్లియేకు మన అరమండి ఒకవిధముగా తోబుట్టువు. రెండింటను మోకాళ్ళు వెలుపలికి తిరుగును. అయితే వారిది నేలను విడుచుటకు, మనది నేలను తాకి పలికించుటకు. ఆ గ్రంథమును, 1213 నాటి రామప్పగుడి శిల్పములను పట్టుకొనియే నటరాజ రామకృష్ణగారు 20వ శతాబ్దమున పేరణికి మరల ప్రాణము పోసిరి. మద్రాసున 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యముగారి నృత్యనాటకములు దేశదేశముల కీర్తి పొందినవి. వానిని కూడ మనవారు బాలేలనియే పిలిచిరి.

పటాన్‌చెరున ఈ మాట చెప్పుటకు మాకు మరియొక కారణము కలదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున ఈ యూరి ప్రభువు అమీన్‌ఖానునకే పొన్నెగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’మును అంకితమిచ్చెను. అది తొలి అచ్చతెనుగు కావ్యము. (మా వ్రాత ఆ పరీక్షలో నిలువదని మాకు తెలియును.) నిజమైన గోలకొండ యిది. మహమ్మదీయ ప్రభువు తెలుగు మాటకై ధనమిచ్చిన యూరు. కూచిపూడి అగ్రహారమును తానాషా ఇచ్చెనని ఆ భాగవతులు నేటికిని చెప్పుకొందురు. ఇట్టి గోలకొండ పెటిపాకు తెలియకపోవుట వింత కాదు.

ఉత్సవమునకు పోయితిమి. ముంబయి రహదారిపై లారీలు, కర్మాగారముల వేళమార్పు. పాఠశాల ఆవరణలో మాత్రము గజ్జెల చప్పుడు. ఒడిస్సానుండి, బీహారునుండి వచ్చిన కార్మికుల బిడ్డలు కూడ తెలుగు దరువునకు తడబడక ఆడిరి. పిమ్మట నాట్యోపాధ్యాయినిని కలిసికొని, ఆమె నేర్పు అంశముల పేరులడిగితిమి. “అడుగు, జతి, తీర్మానము, ముక్తాయింపు, ప్రవేశదరువు” అని ఆమె తడుముకొనక చెప్పినది. “మరి పత్రముపై బాలే యేల?” అంటిమి.

ఆమె నవ్వి, “అయ్యా, యక్షగానమని వేసినచో తల్లిదండ్రులు వీధిభాగోత మనుకొందురు; బాలే యన్నచో ముందు వరుసలో కూర్చుందురు” అనినది.

మెదకు సీమ పల్లెలలో నేటికిని యక్షగానమాడు చిందువారిని గూర్చి ఆమెకు చెప్పితిమి. ఆ ఆట పేరు కాకతి సేనాని గ్రంథమున నెక్కి ఏడువందల డెబ్బది యేండ్లయినదని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, వచ్చే యేడు పత్రముపై రెండు పేరులును వేయింతుననియు, ఏది ముందు వేయవలెనో ప్రధానోపాధ్యాయుని అడుగవలెననియు అనినది. అచ్చునకు పోకముందు ఆ పత్రమును మాకొకసారి చూపుమని కోరి వచ్చితిమి.