క్రొత్తగా వచ్చిన కుందేలు

పిల్లలు మారాము చేయగా కుందేలుపిల్లను కొనితెచ్చుట మన పట్టణములందు పరిపాటియైనది. తెచ్చిన దినమున ఇల్లంతయు పండుగవలె నుండును. ఇరుగుపొరుగు పిల్లలు మూగుదురు. ఒకరి యొడినుండి మరియొకరి యొడిలోనికి ఆ చిన్నప్రాణి మారుచుండును. మరునాడది మూల నక్కి కూర్చుండును, మేత ముట్టదు. “ఇది వట్టి పిరికిది, మనకు మచ్చిక కాదు” అని పెద్దలు విసుగుకొందురు. కొన్ని యిండ్లలో నాలుగవ దినమునకు అది బ్రతికియే యుండదు. ఇందు కుందేలు దోష మేమియు లేదు. దాని స్వభావము నెరుగక మనము చేయు ముద్దుముచ్చటలే దానికి ముప్పగుచున్నవి.

కుక్కయు పిల్లియు వేటాడి బ్రతికెడు జాతులు. కుందేలు వేటకు చిక్కెడు జాతి. మన మిండ్లలో పెంచు కుందేళ్లు స్పెయిను, పోర్చుగలు ప్రాంతములందు బొరియలు త్రవ్వుకొని గుంపులుగా జీవించిన జాతి సంతతివి. మన చేలలో పరుగులిడు చెవులపిల్లి వేరు. అది బొరియ త్రవ్వదు, ఇంటికి మాలిమి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టి పెంచుట నేరము కూడ. కావున పొలమునుండి ఎవరైన పట్టితెచ్చిన పిల్లను కొనరాదు.

పెంపుడు కుందేలు కన్నులు తల కిరుప్రక్కల నుండుటచే, తన చుట్టునున్న దంతయు దాదాపుగా చూడగలదు. కాని ముక్కునకు నేరుగా ముందున్న కొద్దిచోటు మాత్రము దానికి కానరాదు. అందుచే మనము ప్రేమతో ముఖము ముందుకు చాచిన చేయి దానికి హఠాత్తుగా ఊడిపడినట్లుండును. పైనుండి దిగెడు చేయి డేగ వాలినట్లు తోచును. నేలనుండి పైకెత్తినచో శత్రువు నోట పడితినని తలచి తన్నుకొనును. దాని వెనుకకాళ్లు మిక్కిలి బలముగలవి, వెన్నెముక యెముకలు సున్నితమైనవి. ఆ పెనుగులాటలో నడుము విరిగి చచ్చుపడిన కుందేళ్లు గలవు. చెవులు పట్టి యెత్తుట క్రూరకర్మ. ఎత్తక తప్పనప్పుడు ఒకచేయి రొమ్ము క్రిందను, రెండవచేయి పిరుదుల క్రిందను ఉంచి, ఒంటికి ఆనించి పట్టుకొనవలెను. కొందరు దానిని వెల్లకిల పరుండబెట్టి, కదలక యుండుట చూచి, హాయిగా నిద్రించుచున్నదని మురియుదురు. అది నిద్ర కాదు; భయముచే బిగుసుకొనిపోవుట.

కుందేలు రాకమునుపే దానికి చోటు సిద్ధము చేయవలెను. జనసంచారము తక్కువగల గదిలో, ఎండ పడని ప్రక్కను, కనీసము మూడు గంతులు వేయుటకు చాలునంత స్థలము కావలెను. దాని పాదముల క్రింద పిల్లికివలె మెత్తలుండవు, వెండ్రుకలే యుండును. నున్నని బండలపై అది జారి భయపడును గనుక చాప పరచుట మేలు. తీగల అడుగుగల పంజరము పాదములను పుండ్లు చేయును. రెండు ద్వారములు కోసిన అట్టపెట్టె నొకదానిని బోర్లించి యుంచుడు. అదియే దానికి బొరియ. దాగుటకు చోటున్న కుందేలే ధైర్యముగా వెలుపలికి వచ్చును. అందుండి దాని నెన్నడును బలవంతముగా లాగరాదు. విద్యుత్తీగలు దొరకినచో తప్పక కొరుకును గనుక వానిని అందకుండ చేయవలెను.

మొదటి రెండుమూడు దినములు మేత, నీరు పెట్టి, చోటు శుభ్రపరచి, దానిని దానిమానాన విడువుడు. పిమ్మట తెల్లవారుజామునను, సంధ్యవేళను ఆ గదిలో నేలపై కూర్చుండుడు. కుందేలు చురుకుగా తిరుగు వేళలవి. దానివంక చూడక, పూలు కట్టుకొనుచునో పుస్తకము చదువుకొనుచునో యుండుడు. అదియే వచ్చి మీ చీరకుచ్చిళ్లు వాసన చూచును. అప్పుడును చేయి చాపవలదు. మరికొన్ని దినములకు కొత్తిమీర రెమ్మ నొకదానిని ప్రక్కనుండి అందించుడు. అది చేతినుండి తిన్నపిదప నుదుటిపై మెల్లగా నిమురవచ్చును. ఇందుకు కొన్నిటికి వారము చాలును, కొన్నిటికి నెలలు పట్టును.

కుందేలు నోరులేనిదైనను భాషలేనిది కాదు. వెనుకకాలితో నేలను దబ్బున తట్టినచో అపాయమని హెచ్చరిక. ప్రక్కకు దొర్లి కాళ్లు చాపి పరుండినచో నమ్మకము కుదిరినదన్నమాట. నిమురునప్పుడు పండ్లు మెల్లగా ఆడించుట సంతోషచిహ్నము. ముడుచుకొని కూర్చుండి గట్టిగా కొరుకుట బాధకు గుర్తు.

ఆహారమున ఎండుగడ్డియే ప్రధానము. గరికను శుభ్రమైన చోట కోసి, ఆరబెట్టి, ఎల్లప్పుడు అందుబాటులో నుంచవలెను. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలుటచేతనే అవి అరుగును. క్యారెట్టు తీపిపదార్థము గనుక చిన్నముక్క చాలును. అన్నము, రొట్టె, ఉల్లి పెట్టరాదు. పూర్వము తినిన మేతనే కొన్నాళ్లు పెట్టి, మెల్లమెల్లగా మార్చవలెను. తన మెత్తని పెంటికలను తానే తినుట దాని సహజధర్మము, రోగము కాదు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి గలదు. కుందేలు ప్రేగులు నిరంతరము కదలుచుండవలెను. భయముచేత మేత మానినచో ఆ కదలిక మందగించి ప్రాణముమీదికి వచ్చును. పండ్రెండు గంటలు తినక, పెంటికలు వేయక యున్నచో, అలిగినదని యూరకుండక వెంటనే పశువైద్యునికి చూపవలెను.

మన యెండలు దానికి మరియొక గండము. కుందేలునకు మనవలె చెమట పట్టదు. ఒంటివేడి చెవులగుండ పోవును. 30 డిగ్రీలు దాటినచో బాధపడును. మన వేసవులలో 40 డిగ్రీలు దాటు దినము లనేకము. తడిగుడ్డ చుట్టిన నీటికుండను ప్రక్కను ఉంచుడు, చెవులను చల్లని నీటితో తడుపుడు. స్నానము మాత్రము చేయింపరాదు. ఆ భయమే దానికి ప్రాణాంతకము కావచ్చును.

ఇంతటి యోర్పు పసివారికి సాధ్యమా యని సోదరీమణులు సందేహింపవచ్చును. తల్లి ప్రక్కను కూర్చుండి చూపినచో సాధ్యమే. “పట్టుకొనకు, అదే వచ్చును” అని బిడ్డకు నేర్పుడు. ప్రేమించుట యనగా పట్టుకొనుట కాదని ఆ బిడ్డ నేర్చుకొనును. అంతటి సావకాశము మీ యింట లేదని తోచినచో, పిల్లలు ఎంత మారాము చేసినను కుందేలును తేకుండుటయే దానికి మీరు చేయు ఉపకారము.