వీసాకు ముందు ఇంటి లెక్క

జుమా నమాజు ముగించుకుని వస్తుంటే మసీదు మెట్ల మీద తరచూ వినిపించే మాట ఒకటుంది. "అబ్బాయికి సౌదీ వీసా వచ్చింది, దుఆ చేయండి." మనం ముబారక్ చెబుతాం. ఆ వీసా కోసం ఆ ఇల్లు ఎంత అప్పు చేసిందని మాత్రం అడగం.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగాయి. హైదరాబాద్ పాతబస్తీ, కరీంనగర్, నిజామాబాద్, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో బయలుదేరారు. పేదరికమే వారిని పంపిందంటాం. కాని చేతిలో చిల్లిగవ్వ లేనివాడు విమానం ఎక్కలేడు. తాకట్టుకు నగలో, అప్పు పుట్టే పరపతో ఉన్న ఇల్లే కొడుకును పంపగలుగుతోంది. చెల్లెలి షాదీకి, తండ్రి వైద్యానికి చేసిన పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తోంది.

ఒక లెక్క చూద్దాం. మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. మొదటి నెల వడ్డీయే 3,000. కొడుకు నెలకు 12,000 పంపితే, ఇంటి ఖర్చు 8,000 పోగా అప్పుకు మిగిలేది 4,000. అలా రెండేళ్లు తప్పకుండా కట్టినా ఇంకా 65 వేలకు పైగా బాకీ ఉంటుంది. ఈలోగా ఒప్పందం గడువు ముగుస్తుంది. చెప్పిన జీతం ఇవ్వకపోయినా అతను తిరిగి రాలేకపోవడానికి ఈ బాకీయే కారణం.

1983 వలస చట్టం కింది నియమాల ప్రకారం నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. అంతకు మించి అడిగితే అక్కడే ఆగి ఆలోచించాలి. ఏజెంటు నమోదైనవాడో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

గడువు పెట్టి అప్పు తీసుకుంటే రాసుకోవాలని దివ్య ఖురాన్ (బఖరా: 282) ఆదేశిస్తోంది. ఆ అలవాటునే ఇంటి లెక్కకూ తెచ్చుకుందాం. పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇవ్వకముందే ఇంటిల్లిపాదీ కూర్చుందాం. అప్పు ఎంత, ఎన్నాళ్లకు తీరుతుంది, జీతం ఆగితే ఎవరు కడతారు అన్నవి కాగితం మీద పెడదాం. గాజులు తీసి ఇచ్చే అమ్మీ మాట, ఇక్కడ ఒంటరిగా ఇల్లు నడపబోయే కోడలి మాట కూడా విందాం.

లెక్క కుదిరితే బిస్మిల్లా అని సాగనంపుదాం. కుదరకపోతే "ఇప్పుడు వద్దు బేటా" అని చెప్పడం కూడా పెద్దల బాధ్యతే.